కప్పగల్లు కొండయు మన ఋతుయాత్రలును

పండుగ యనగా ఇంట పిండివంటలు చేసికొని భుజించుట మాత్రమే కాదు. ఇంటికి తాళము వేసి, పిల్లలను వెంటబెట్టుకొని, ఇరుగుపొరుగు వారితో కలిసి ఊరు దాటి పోవుటయు పండుగలో సగము. బళ్లారి సీమలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు ఈ సంగతి క్రొత్తగా చెప్ప నక్కరలేదు. అయినను ఈ అలవాటు ఎంత ప్రాచీనమైనదో, దానికి మన ముంగిటనే ఎట్టి సాక్ష్యమున్నదో మనలో పెక్కుమంది ఎరుగరు. ఆ సాక్ష్యము కప్పగల్లు కొండ. మేము చరిత్ర పండితులము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి, కచేరీలో గుమాస్తాగా కాగితములు వ్రాసి వ్రాసి విశ్రాంతి పొందినవారము. చదివినంతలో, చూచినంతలో మాకు తెలిసిన నాలుగు మాటలు ఇచ్చట మనవి చేయుచున్నాము.

మొదట మన సంవత్సర చక్రమును జ్ఞప్తికి తెచ్చుకొందము. ఉగాది గడచిన పిదప చైత్రపూర్ణిమకు హంపిలో విరూపాక్షుని రథోత్సవము. జ్యేష్ఠపూర్ణిమను మనము ఏరువాక పున్నమి యందుము. కన్నడ సోదరులు కారహుణ్ణిమె యందురు. పేరేదైనను ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి ఊరేగించుట ఒక్కటే. ఆ వెంట వచ్చు అమావాస్యకు మట్టియెద్దులను చేసి పూజింతురు. శ్రావణ శుద్ధ పంచమికి ఆడపిల్లలకు ఉయ్యాలలు. దసరాకు ఊరి వెలుపలి జమ్మిచెట్టు కడకు పోయి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి మ్రొక్కుట. కార్తీకమున మన వనభోజనములు. మార్గశిర మాసాంతమున ఎళ్ళ అమావాస్యకు కన్నడ రైతు కుటుంబములు బండ్లు కట్టుకొని చేలకు పోయి, భూదేవికి చరగ చల్లి, పైరు నడుమ కూర్చుండి భుజింతురు. మాఘపూర్ణిమ ప్రాంతమున మైలార జాతర. అచ్చట గొరవయ్య విల్లెక్కి పలికెడి కారణికమును వినుటకు జనులు తండోపతండములుగా వత్తురు. వేసవి తొలిదినములలో బళ్లారి కనకదుర్గమ్మ సిడిబండి. 2021లో విజయనగర జిల్లా వేరుపడినప్పుడు హంపియు మైలారమును ఆ జిల్లాలోనికి పోయినవి గాని, అచ్చటికి పోవు మన త్రోవలు మారలేదు.

వీనిలో కొన్ని తెలుగువారివి, కొన్ని కన్నడిగులవి, కొన్ని ఉభయులవి. కాని వీనిలో పెక్కింటిని పరిశీలించినచో మూడు సంగతులు కానవచ్చును: ఋతువు మారుట, పశువును గౌరవించుట, జనులందరు ఒక్కచోట చేరుట. ఈ మూడింటిని మనస్సున నుంచుకొని పాఠకులు మాతో కప్పగల్లునకు రావలయునని ప్రార్థన.

మా బాల్యమున, అనగా 1970 ప్రాంతమున, కార్తీకమాసపు ఆదివారము నాడు మా వీధిలోని నాలుగైదు కుటుంబములు రెండు ఎద్దుబండ్లు మాట్లాడుకొని వేకువనే బయలుదేరెడివి. నేడు బళ్లారి పట్టణములోనే కప్పగల్లు రోడ్డని ఒక వీధి కలదు. నాడు ఆ త్రోవలో ఊరు దాటినంతనే నల్లరేగడి చేలు, జొన్నపైరు, దూరమున బండలు పేర్చినట్లున్న కొండలు కానవచ్చుచుండెడివి. వనభోజనమునకు ఉసిరిచెట్టు నీడ వలయును గదా! కొండ దాపున అది దొరకునో దొరకదో యని మా నాయనమ్మ ఒక ఉసిరికొమ్మను ఇంటినుండియే తెచ్చి, బండసందున నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి, ‘ఇదే మనకు వనము’ అనెడిది. జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, ఉలవగుగ్గిళ్లు, పులిహోర, పెరుగన్నము, మధ్యాహ్నమునకు బొరుగులు. చేలలో పని చేయుచున్న కన్నడ రైతులను పిలిచి వారికిని పెట్టనిదే మా పెద్దలు విస్తరి ముందు కూర్చుండెడివారు కారు.

భోజనములైన పిదప పిల్లలము కొండపైకి పరుగిడెడివారము. కప్పగల్లునకును సంగనకల్లునకును నడుమ ఉన్న ఈ కొండలలో పెద్దదానికి హిరేగుడ్డ యని పేరు. దొరలు దీనిని నెమలికొండ యను అర్థము వచ్చునట్లు తమ భాషలో పిలిచిరి. కొండ గ్రానైటు రాయి. దానిని చీల్చుకొని నల్లని రాతివరుస యొకటి పోవుచుండును. భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని డోలరైటు డైకు అందురు. ఆ నల్లరాళ్లపై వందలకొలది బొమ్మలున్నవి. వానిలో అధికము మూపురములతో, పొడవైన కొమ్ములతో నున్న ఎద్దులు. నడుమ నడుమ మనుష్యుల ఆకారములు. ఇవి రంగుతో వ్రాసినవి కావు. రాతిని రాతితో కొట్టి, నల్లని పైపొరను చెదరగొట్టి తీర్చినవి. కొన్ని బొమ్మలు మనుష్యుడు నిలుచుటకైన తావు లేని చోట్ల ఉన్నవి.

ఇంతకంటె వింత యేమనగా, కొన్ని రాళ్లపై చిన్న గిన్నెలవంటి గుంటలున్నవి. చిన్న రాతితో అచ్చట తట్టినచో గుడిగంట వలె, కంచు జేగంట వలె మ్రోగును. ఎద్దు మెడలోని గంట మ్రోగినట్లున్నదని మా నాయనమ్మ అనెడిది. ఆ గుంటలు వాన వలన పడినవి కావనియు, పూర్వజనులు మ్రోగించి మ్రోగించి పడినవనియు పండితుల అభిప్రాయము.

ఈ కొండ పండితలోకమునకు తెలిసిన చరిత్రయు చెప్పదగినదే. మనదేశ ప్రాక్చరిత్రకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇచ్చట రాతిగొడ్డళ్లు తయారైన కార్ఖానా ఉండెనని గుర్తించెను. 1892లో హ్యూబర్ట్ నాక్స్ బొమ్మలను కనుగొనగా, ఫాసెట్ అను నతడు ఆ సంవత్సరమే వానిని గూర్చి వ్యాసము వ్రాసెను. 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులను గూర్చి పూనా దక్కను కళాశాల పక్షమున గ్రంథము వెలువరించినది బెండపూడి సుబ్బారావుగారు. ఆ ఇంటిపేరు మనవారికి పరిచితమైనదే. పిమ్మట 21వ శతాబ్ది తొలి సంవత్సరములలో రవి కోరిశెట్టరు, నికోల్ బొయివిన్, డోరియన్ ఫుల్లరు మున్నగువారు కలిసి పరిశోధించిరి. వీరి కృషివలన తేలిన దేమనగా, క్రీస్తుకు పూర్వము సుమారు 3000 మొదలు 1000 వరకు, అనగా రెండువేల యేండ్లపాటు, ఈ చుట్టుపట్ల పశుపాలకులును రైతులును నివసించిరి.

వారు తినిన ధాన్యముల మసిబారిన గింజలు మట్టిలో దొరకినవి. అవి ఏవి? ఉలవలు, పెసలు, అండుకొర్రలు! మా వనభోజనమునందలి ఉలవగుగ్గిళ్లు ఆ కొండకు క్రొత్త వంటకము కాదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

ఇక బూడిదదిబ్బల సంగతి. కప్పగల్లు వద్దను, హోసపేట త్రోవలోని కుడితిని వద్దను, ఈ సీమలో ఇంక పెక్కుచోట్లను ప్రాచీనమైన బూడిదదిబ్బలు కలవు. భీముడు చంపిన హిడింబాసురుని బూడిద యని కొందరును, హంపి దాపున నింబాపురమునందలి దిబ్బను వాలి చితాభస్మమని మరికొందరును చెప్పుదురు. 19వ శతాబ్ది మొదటి భాగముననే న్యూబోల్డ్ అను సేనాని వీనిని గూర్చి వ్రాసెను. 1960 ప్రాంతమున జాయినర్ అను శాస్త్రజ్ఞుడు కుడితిని బూడిదను పరీక్షించి అది పశువుల పేడ కాలిన బూడిద యని నిర్ధారించెను. కప్పగల్లు దిబ్బను గూర్చి మజుందారు, రాజగురు గారలు 1966లో ప్రకటించిన గ్రంథమును ఆ మాటనే బలపరచెను.

ఇంత పేడ ఎందుకు కాల్చిరి? ఆల్చిన్ అను ఆంగ్ల పండితుడు 1957లో పాలమూరు సీమయందు కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఉట్నూరులో త్రవ్వగా, కాలిన పొరల నడుమ గట్టిపడిన పశువుల గిట్టల గుర్తులు కానవచ్చెను. అవి పశువుల దొడ్లని, అందు పేరుకొనిన పేడను ఏదో ఋతువు మారునపుడు అందరు కూడి నిప్పుపెట్టుట ఒక పండుగవంటి ఆచారమై యుండునని 1963లో అచ్చయిన తన గ్రంథమున అతడు ఊహించెను. మన సంక్రాంతివంటి పండుగల మంటలను అతడు ఇందుకు పోల్చి చూపెను. పండితులందరు దీని నంగీకరింపకపోవచ్చును. కాని భోగినాటి తెల్లవారుజామున పిల్లలు పిడకలదండ తెచ్చి మంటలో వేయుటయు, మైసూరు ప్రాంతమున సంక్రాంతినాడు పశువులచే మంటను దాటించుటయు తలచుకొన్నచో ఆ ఊహ మనకు దూరముగా తోచదు. ఋతువు, పశువు, జనసమూహము అను ఆ మూడును నాలుగువేల యేండ్లనాడే ఇచ్చట కలిసియుండెనని నమ్ముటకు ఆస్కారమున్నది.

ఆ జనులు మాట్లాడిన భాష యేది? మన ద్రావిడ భాషలకు పూర్వరూపమై యుండవచ్చునని కొందరు పండితులు తలంతురు. ఆ కాలమునకు తెలుగు కన్నడములు వేరుగా ఏర్పడి యుండకపోవచ్చును. ఈ మాట మేము ఊరక చెప్పుట లేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్లారితో కూడ మిగిలిన తాలూకాలు మైసూరునకును పోయినవి. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరస వినోదినీ సభ, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ, 1946లో అస్తమించిన బళ్లారి రాఘవగారి నటన వెలసిన పట్టణము ఎల్లకు అవతల నిలిచిపోయెనే యని మా పెద్దలు వగచిన మాట నిజము. వారి బాధను మేము తేలిక చేయము. కాని ఎల్ల గీచిన మరుసటి యేడును ఏరువాక పున్నమియు కారహుణ్ణిమెయు ఒక్కనాడే వచ్చెను. కొండపైనున్న ఎద్దులు ఏ ఒక్క భాషవారి సొత్తును కావు. ఇచ్చట మనము అతిథులమును కాము, యజమానులమును కాము. పొరుగువారితో సమానముగా వారసులము.

వారసులమని చెప్పుకొన్న పిమ్మట మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. పండ్రెండవ యేట, అట్టి కార్తీకపు ఆదివారముననే, మేము మా పినతండ్రి కుమారునితో పందెము వేసి, ఒక ఎద్దు బొమ్మ ప్రక్కన మొనదేలిన రాతితో మా పేరు తొలి అక్షరమును చెక్కితిమి. పెద్దలు చూచిరి గాని ఎవరును మందలింపలేదు; ఆ బొమ్మలు ఎప్పటివో వారికిని తెలియదు. ఉద్యోగములో బదిలీల వలన చాలకాలము కొండకు పోలేదు. విశ్రాంతి పొందిన పిదప మనుమని వెంటబెట్టుకొని పోయితిమి. ఎద్దును చూచి గంతులు వేసినవాడు దాని ప్రక్కన ఆగి, “తాతా, ఇక్కడెవరో ‘రా’ అని గీకినారే, ఎవరు?” అని అడిగెను. వాడు బడిలో కన్నడమే చదువును. తెలుగు అక్షరములు నేర్వలేదు. రెండు లిపులకును పోలిక యుండుటచే చదువగలిగెను. వానితో తెలుగున మేము చదివించిన మొదటి అక్షరము అదియే అయ్యెను! నాలుగువేల యేండ్ల రేఖ ప్రక్కన మా గీత తెల్లగా, క్రొత్తగా కనబడుచుండెను. ఆనాడు వానికి సమాధానము చెప్పలేకపోయితిమి. ఇప్పుడు ఇచ్చట వ్రాయుచున్నాము: నాయనా, అది మీ తాతయే.

ఒక బాలుని గీత చిన్నదే. కాని రాళ్లు కొట్టు క్వారీల వలన ఆ బొమ్మలకును, మ్రోగు రాళ్లకును ముప్పు కలదని 2004లోనే పరిశోధకులు హెచ్చరించిరి. ఒకసారి పగిలిన రాయి మరల మ్రోగదు. మరియొక నష్టము నిశ్శబ్దముగా జరుగుచున్నది. నేడు మన సమావేశములు పెండ్లి మందిరములలో జరుగుచున్నవి. కుర్చీలు, ఫలహారము, ఉపన్యాసము, ఛాయాచిత్రములు. పిల్లలు ఒక మూల తమ ఫోనులు చూచుకొనుచుందురు. ఏరువాక యనగా ఏమని వారికి ఏ ఉపన్యాసమును చెప్పజాలదు. రంగు పూసిన కొమ్మును చూచినప్పుడు, చేలలో రొట్టె తినినప్పుడు దానంతట అదే తెలియును. మాటయు అట్టిదే. ‘బండసందు’, ‘ఉసిరికొమ్మ’, ‘మూపురము’ అను తెలుగు మాటలు మాకు వాచకములో గాక, ఆ కొండ దాపుననే పట్టుబడినవి.

కావున మన సంఘమువారికి మా విన్నపము. ఏటేట కార్తీకమున ఒక ఆదివారము కుటుంబములతో కప్పగల్లునకు పోవుదము. కన్నడ మిత్రులను పిలుతము. ఎళ్ళ అమావాస్యకు వారు పిలిచినచో వారి చేలకు మనము పోవుదము. పోవుటకు మునుపు బళ్లారిలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ సంగనకల్లు పురావస్తు సంగ్రహాలయమును పిల్లలకు చూపుదము. కొండ మీద మంట పెట్టవలదు, బొమ్మలపై నీరు గాని సుద్ద గాని పూయవలదు, చెత్త మిగల్పవలదు. మ్రోగు రాళ్లను పిల్లలచే కొట్టింపక, బొమ్మలను కంటితో చూపి కథ చెప్పుదము. విస్తళ్లు కొండ క్రింద చేలగట్టుననే వేయుదము.

మాకిప్పుడు మోకాళ్లు సహకరించుట లేదు, పైవరకు ఎక్కజాలము. అయినను క్రిందనే కూర్చుండి, ఉసిరికొమ్మకు పసుపు పూసి, ఉలవగుగ్గిళ్లు పంచుచు, దిగివచ్చు పిల్లలలో ఎవరెవరు ఎన్ని ఎద్దులను లెక్కించిరో అడుగుటకు సిద్ధముగా నున్నాము. మా మనుమడు ఇప్పటికి ఇరువదియొకటి లెక్కించినాడు. తక్కినవి లెక్కింప మీ పిల్లలను పంపుడు.