బెల్టు చరిత్ర: రాట్నం నుంచి పిండి మర వరకు

నా చిన్నతనంలో మా ఊరి పిండి మరలో ఆయిల్ ఇంజన్ ఒక మూల, మర మరో మూల ఉండేవి. రెంటినీ కలిపేది పొడవాటి పట్టీ బెల్టు. అది జారుతున్నప్పుడు మర ఆడించే ఆయన లోపలి వైపు గుగ్గిలం పొడి చల్లేవారు. "బాబూ, అవతలికి జరుగు" అంటూ పిల్లలను దూరంగా నిలబెట్టేవారు. ఆయన కుడి చేతికి రెండు వేళ్లు ఉండేవి కావు. తిరుగుతున్న పుల్లీ మీదికి బెల్టును చేత్తో ఎక్కించబోయి వాటిని పోగొట్టుకున్నారని తరువాత తెలిసింది.

బెల్టు డ్రైవ్ పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఆ చెయ్యి గుర్తుకు వస్తుంది. బెల్టు ఎలా పనిచేస్తుంది, కాలక్రమంలో ఎలా మారింది, దాని చుట్టూ పనిచేసే మనిషి రక్షణ సంగతి ఎప్పుడు ఆలోచనలోకి వచ్చింది అన్న మూడు విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

రాట్నంలోని సూత్రం

మనకు బాగా తెలిసిన బెల్టు డ్రైవ్ రాట్నం. పెద్ద చక్రం మీదుగా వెళ్లే దారం చిన్న కదురును తిప్పుతుంది. చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లు, కదురుపై దారం చుట్టుకునే చోటు వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రం ఒకసారి తిరిగితే కదురు 30 సార్లు తిరుగుతుంది. 1237 నాటి బాగ్దాద్ చిత్రంలో రాట్నం కనిపిస్తుంది. మన దేశంలో ఇసామీ 1350లో రచించిన పర్షియన్ చరిత్ర కావ్యంలో దాని ప్రస్తావన ఉంది.

దారానికి పళ్లు లేవు, కొక్కేలు లేవు. అయినా అది కదురును తిప్పగలుగుతోంది. కారణం ఘర్షణ. ఈ ఘర్షణను 18వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్కకు అందించాడు. బెల్టులో ఒక వైపు బిగువుగా, రెండో వైపు వదులుగా ఉంటుంది. ఈ రెండు వైపుల బలాల నిష్పత్తి ఎంతవరకు పెరగవచ్చు అన్నది రెండు అంశాల మీద ఆధారపడుతుంది. ఒకటి ఘర్షణ గుణకం, రెండోది పుల్లీని బెల్టు ఎంత మేర చుట్టుకుందన్నది.

ఘర్షణ గుణకం 0.3 అనీ, బెల్టు పుల్లీని సగం చుట్టిందనీ అనుకుంటే ఆ నిష్పత్తి సుమారు 2.57. బిగువు వైపు 1000 న్యూటన్లు ఉంటే వదులు వైపు 390 ఉంటుంది. పని చేసేది ఈ రెంటి తేడా అయిన 610 న్యూటన్లే. బెల్టు సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే అందే సామర్థ్యం 6.1 కిలోవాట్లు, అంటే దాదాపు 8 హార్స్ పవర్. వీలైన చోట వదులు వైపును పైన ఉంచడానికి కారణం ఇప్పుడు అర్థమవుతుంది. అది కిందికి వేలాడి పుల్లీని మరికొంత చుట్టుకుంటుంది.

మరలో ఏదైనా ఇరుక్కుని భారం ఈ పరిమితి దాటితే బెల్టు జారుతుంది. యంత్రం విరగకుండా బయటపడుతుంది. బెల్టుకున్న ఈ మంచి గుణం యంత్రానికే పరిమితం. అందులో పడిన వేలిని తెగ్గొట్టడానికి 610 న్యూటన్లు అవసరానికి మించిన బలం.

మిల్లులు, చట్టాలు

తొలినాటి బ్రిటిష్ నూలు మిల్లుల్లో శక్తిని అంతస్తులకు చేర్చినవి నిలువు షాఫ్టులు, పళ్ల చక్రాలు. అమెరికాలోని లోవెల్‌లో పాల్ మూడీ 1828లో వాటి స్థానంలో తోలు బెల్టులు వాడాడు. ఆ తరువాత కప్పు కింద పొడవాటి షాఫ్టు, దాని నుంచి ఒక్కో యంత్రానికి దిగే బెల్టు అనేక దేశాల ఫ్యాక్టరీలలో సామాన్య దృశ్యమయ్యాయి. మన దేశంలో ఆవిరి శక్తితో నడిచే నూలు మిల్లుల యుగం 1854లో బొంబాయిలో కావస్‌జీ దావర్ స్థాపించిన కంపెనీతో మొదలైంది.

ఒక్క లెక్క చూడండి. ప్రమాదం కంటపడ్డాక చెయ్యి కదిలించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. అంతలో సెకనుకు 10 మీటర్లు పోయే బెల్టు రెండున్నర మీటర్లు వెళ్లిపోతుంది. జాగ్రత్తగా ఉండమని చెప్పినంత మాత్రాన సరిపోదని ఈ అంకెలే చెబుతున్నాయి. బ్రిటన్ 1844 చట్టంలో మిల్లు యంత్రాలకు కంచె వేయాలని నిర్దేశించింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ప్రమాదకర భాగాలకు గట్టి కంచె ఉండాలన్నది. వాడుకలో లేని బెల్టును తిరిగే షాఫ్టు మీద వేలాడనివ్వకూడదని 24వ సెక్షన్ చెప్పింది.

అయితే ఆ చట్టం నిర్వచనం ప్రకారం విద్యుత్తు వంటి శక్తితో నడిచే చోట పది మంది కార్మికులుంటేనే సాధారణంగా అది ఫ్యాక్టరీ అయ్యేది. ఇద్దరు నడిపే మా ఊరి పిండి మర ఆ లెక్కలోకి రాలేదు.

వీ-బెల్టు తెచ్చిన మార్పు

అమెరికాలో జాన్ గేట్స్ 1917లో రూపొందించిన రబ్బరు వీ-బెల్టు పుల్లీ గాడిలో చీలలా ఇరుక్కుని నడుస్తుంది. గాడి కోణం 40 డిగ్రీలైతే దాని పక్కగోడలపై ఒత్తిడి దాదాపు మూడు రెట్లవుతుంది. ఇందాకటి గుణకంతోనే లెక్కిస్తే బలాల నిష్పత్తి 2.57 నుంచి 15 దాటుతుంది. కాబట్టి బెల్టును అంతగా బిగించనక్కర్లేదు, బేరింగులపై భారం తగ్గుతుంది. పుల్లీలను దగ్గరగా అమర్చవచ్చు.

అదే కాలంలో ఒక్కో యంత్రానికి ఒక్కో విద్యుత్ మోటారు పెట్టే పద్ధతి వ్యాపించడంతో కప్పు కింది షాఫ్టులు క్రమంగా కనుమరుగయ్యాయి. జారడం అసలే పనికిరాని చోట్ల కోసం 1940లలో పళ్ల బెల్టు వచ్చింది.

డిజైనర్లు కోరుకున్నది తక్కువ చోటు, ఎక్కువ శక్తి. దానితో పాటు మరో మేలు జరిగింది. గదికి అడ్డంగా పరుగెత్తిన బెల్టుకు కంచె వేయడం కష్టం. రెండు అడుగుల్లో ఇమిడిపోయే వీ-బెల్టుకు ఒక ఇనుప జాలీ చాలు. ఆ జాలీని కూడా తీసి పక్కన పెట్టిన మరలు, నూర్పిడి యంత్రాలు నాకు తారసపడ్డాయి. చీర కొంగుకో చున్నీకో ఆ బెల్టు అందేంత దూరంలోనే ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో బెల్టు డిజైన్ సమస్య సామర్థ్యంతో మొదలై బెల్టుల సంఖ్యతో ముగుస్తుంది. నా విద్యార్థులను నేను మరో మెట్టు ఎక్కమంటాను. లెక్క ఎంత సరిగా చేసినా, పటంలో బెల్టు చుట్టూ కవచం గీయకపోతే పూర్తి మార్కులు వేయను. ఎందుకని ఎవరైనా అడిగితే మా ఊరి పిండి మర సంగతి చెబుతాను.