జిరాక్సు కాగితం – చదువు హక్కు

జ్ఞానం మీద గుత్తాధిపత్యం ఈ దేశానికి కొత్తది కాదు. నిన్న శాస్త్రం పేరుతో మనల్ని చదువుకు దూరం పెట్టిన్రు. ఇయ్యాల ధర పేరుతో, కాపీరైట్ పేరుతో దూరం పెడుతున్నరు. మందమర్రి గనుల్లో బొగ్గు తట్ట మోసిన కుటుంబాల పిల్లలు వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం దాకా పోతే చేతికందేది పుస్తకం కాదు, జిరాక్సు. అది దొంగతనమా, హక్కా?

1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ సభ రద్దు చేసుకుంటే, అంబేద్కర్ 'కుల నిర్మూలన' ప్రసంగాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చేయించిండు. రెండు నెలల్లో అయిపోయినయి. మన మూలగ్రంథం ఏ ప్రచురణ సంస్థ దయతోనూ పుట్టలేదు.

2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా, ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీదా దావా వేసినయి. సిలబస్ ప్రకారం అధ్యాయాలు కలిపి ఇయ్యడం ఉల్లంఘన అన్నయి. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలు కట్టి కేసులో చేరిన్రు. 2016 సెప్టెంబర్ 16న హైకోర్టు దావా కొట్టేసింది. డిసెంబర్ 9న డివిజన్ బెంచ్ కొన్ని అంశాలను మళ్ళీ విచారణకు పంపింది. అయినా బోధనకు అవసరమైనంత మేరకు కాపీ చేసుకోవచ్చన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వాపసు తీసుకున్నరు. దీనికి ఆధారం 1957 చట్టంలోని సెక్షన్ 52(1)(ఐ). సొంత పరిశోధనకు న్యాయమైన వినియోగాన్ని 52(1)(ఎ) ఒప్పుకుంటది.

ఇక బాబాసాహెబ్ రచనల సంగతి. రచయిత పోయిన 60 ఏండ్ల దాకా హక్కు ఉంటది. ఆయన 1956 డిసెంబర్ 6న కన్నుమూసిండు గనుక, బతికుండగా అచ్చయిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివి. కానీ మరణానంతరం వెలువడినవాటికి లెక్క వేరు: ప్రచురణ నాటి నుంచి 60 ఏండ్లు. మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో అచ్చేసిన 'హిందూమతంలో చిక్కుముడులు' 2047 చివరిదాకా బందీనే. తెలుగు అనువాదానికైతే అనువాదకుల హక్కు విడిగా ఉంటది. అంటే ఇంగ్లీషు మూలానికి విముక్తి దొరికినా, తెలుగు మీడియం విద్యార్థికి దొరకలేదు.

అందుకే మేమనేది రెండు మాటలు. అధ్యాపకులు జిరాక్సును చాటుమాటు పనిగా కాక, చట్టమిచ్చిన హక్కుగా వాడాలె. విముక్తమైన రచనలను విశ్వవిద్యాలయాలే కొత్తగా తెలుగులోకి తెచ్చి, ఎవరైనా అచ్చేసుకునేటట్టు వదిలిపెట్టాలె. కోర్టు గెలిపించింది కాపీ చేసుకునే హక్కును మాత్రమే. మన భాషలో చదువుకునే హక్కును మనమే గెలవాలె.