మంత్రసాని విద్యలో బొమ్మ

వడ్రంగి నాలుగు కొయ్యలు పాడుచేసి పని నేర్చుకుంటాడు. కుమ్మరి పది కుండలు పగిలిన తరువాతనే చేయి తిప్పుకుంటాడు. మంత్రసానికి ఆ వెసులుబాటు లేదు. ఆమె చేతిలో ఉన్నవి రెండు ప్రాణాలు. మరి నేర్చుకునేవారి తొలి తప్పును ఎవరు భరించాలి? ఈ ప్రశ్న ప్రసూతి విద్యను దాదాపు మూడు వందల ఏండ్లుగా వెంటాడుతున్నది.

దీనికి ఫ్రాన్సులో ఒక సమాధానం చెప్పిన వనిత మదాం దు కూద్రే. 1740లో పారిస్‌లో మంత్రసానిగా అర్హత పొందిన ఈమె, తరువాత ఓవెర్న్ ప్రాంతానికి చేరింది. అక్కడి పల్లెలలో పురుళ్ళు పోసే స్త్రీలలో పెక్కుమందికి చదువు రాదు. గ్రంథం చూపి ప్రయోజనం లేదు. అందుచేత గుడ్డ, తోలు, దూది కూర్చి, ప్రసవించే స్త్రీ నడుమును, తొడలను నిజప్రమాణంలో కల్పించింది. శిశువు బొమ్మకు బొడ్డుతాడు, మావి కూడా అమర్చింది. దారాలు, పట్టీలు లాగితే ప్రసవమార్గం సాగేది. శిశువు నోటిలో వేలు పట్టేది. కాళ్ళతో ముందుగా వచ్చే బిడ్డ తలను వెలికితీసే ఉపాయం నేర్పడానికి అది అక్కరకు వచ్చేది.

1759లో పదిహేనవ లూయీ రాజు ఆమెకు దేశమంతటా బోధించే అధికారమిచ్చాడు. 1783 వరకు ఊరూరా తిరిగి, నాలుగు వేలకు పైగా స్త్రీలకు శిక్షణ ఇచ్చిందని అంచనా. ఆ బొమ్మలలో ఒకటి నేటికీ రువాన్ నగరపు మ్యూజియంలో ఉన్నది.

ఆ శతాబ్దంలోనే లండన్‌లో విలియం స్మెల్లీ అనే స్కాట్లండు వైద్యుడు ఎముకలకు తోలు తొడిగి బొమ్మలు చేశాడు. అంతటితో ఆగక, శిష్యులను పేద ఇండ్ల పురుళ్ళకు వెంటబెట్టుకుపోయాడు. పదేండ్లలో 900 మందికి మించిన శిష్యులకు బోధించినట్లు, వారి సమక్షంలో 1,150 మంది పేదతల్లులకు కాన్పులు జరిగినట్లు 1752 నాటి తన గ్రంథంలో చెప్పుకున్నాడు. ఆ తల్లులకు వైద్యసహాయం అందిన మాట నిజమే. నేర్చుకునే వారి ఎదుట తమ దేహాన్ని నిలిపినవారు పేదలే అన్న మాటా నిజమే.

1760లో ఎలిజబెత్ నిహెల్ అనే మంత్రసాని స్మెల్లీ బొమ్మను ఎద్దేవా చేసింది. బీరు నింపిన తిత్తి గర్భకోశమట, మైనపు బొమ్మ శిశువట! ఆమె పారిస్‌లోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో, నిజమైన తల్లుల నడుమ విద్య నేర్చినది. ఆక్షేపణలో బలం లేకపోలేదు. బొమ్మ నొప్పికి కేకవేయదు. భయపడి మన చేయి పట్టుకోదు.

2014లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ఈ వాదానికి కొంత వెలుగు చూపింది. 10 నర్సింగు విద్యాసంస్థలలో కొందరు విద్యార్థులకు ఆసుపత్రి గంటలను సగం వరకు తగ్గించి, ఆ మేరకు బొమ్మలతోను, కల్పిత సన్నివేశాలతోను శిక్షణ ఇచ్చారు. ప్రసూతి పాఠమూ అందులో ఉన్నది. చదువు ముగిసేనాటికి వారికీ, తక్కినవారికీ సామర్థ్యంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అయితే నేర్పేవారు అందుకై తర్ఫీదు పొందినవారు. ప్రతి అభ్యాసం తరువాత తప్పొప్పులు విచారించుకునేవారు. మిగిలిన సగం ఆసుపత్రిలోనే సాగింది.

కాన్పు తరువాత ఆగని రక్తస్రావం వంటి ఆపద, విద్యార్థిని ఆసుపత్రిలో ఉన్న దినాలలో ఎదురుపడకపోవచ్చు. బొమ్మ దగ్గర దానిని పదిమార్లు కల్పించవచ్చు. తల్లి ముఖంలోని భయాన్ని చదవడం మాత్రం తల్లి దగ్గరనే నేర్వాలి. తొలి తప్పును గుడ్డబొమ్మ భరించాలి. మలిపాఠం, గురువు పక్కన నిలిచి ఉండగా, తల్లి చెప్పాలి.