గుర్రం కొంటున్నారా? రేవాల్ నడక చూడండి.. గ్లాండర్స్ టెస్ట్ మరవొద్దు!

నిజామాబాద్: బోధన్ చెరుకు పొలాల బాటల్లో గంటల తరబడి సవారీ చేయాలంటే గుర్రానికి వేగం కన్నా నడక ముఖ్యం. కుదుపు తక్కువగా ఉండే రేవాల్ నడకకు మార్వాడీ, కఠియావాడీ, కచ్ఛీ-సింధీ జాతులు ఫేమస్. అయితే ఆ జాతుల్లోనూ అన్ని గుర్రాలకూ ఈ నడక ఉండదు. అందుకే జాతి పేరు విని డబ్బులు ఇవ్వొద్దు. ఎక్కి చూడాలి, నడుం ఎగిరి పడకూడదు. వానాకాలం నల్లరేగడి బురద అంటుకుంటుంది కాబట్టి గిట్టలు పగుళ్లు లేకుండా గట్టిగా ఉండాలి.

పక్కనున్న నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరలో గుర్రాలు అమ్మకానికి వస్తాయి. ఎక్కడ కొన్నా గ్లాండర్స్ రక్త పరీక్ష రిపోర్ట్ అడగాల్సిందే. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది. గుర్రానికి ఉన్నట్టు తేలితే వైద్యం చేయించి ఉంచుకునే వీల్లేదు, చంపేయాల్సిందే.