వాలిన పళ్లెంలో గోళీ

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. విశ్వం పుట్టీపుట్టగానే ఒక్కసారిగా ఉబ్బిపోయిందనే ఇన్‌ఫ్లేషన్ కథను అందరూ అలన్ గూత్ దగ్గర మొదలుపెడతారు. 1979 డిసెంబరులో కాలిఫోర్నియాలోని స్లాక్ పరిశోధనశాలలో ఉండగా ఆయన నోటుబుక్కులో వేసుకున్న లెక్క అది. 1981లో అచ్చయింది. నాకు మాత్రం ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు వచ్చిన ఘట్టం మీదే మక్కువ.

గూత్ లెక్కలో ఉబ్బడం మొదలవుతుంది గానీ సవ్యంగా ముగియదు. బుడగలు పుడతాయి, అవి ఒకదానితో ఒకటి కలవవు. ఆ లోపాన్ని ఆయనే పేపర్లో రాశారు. మాస్కోలో ఆంద్రే లిండే, అమెరికాలో ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ 1982లో దారి చూపించారు: ఉబ్బును నడిపే క్షేత్రం దాదాపు చదునుగా ఉన్న వాలు మీద మెల్లగా దిగాలి. బాగానే ఉంది. ఆ చదును ఎక్కణ్ణుంచి వచ్చింది? క్వాంటం సవరణలు దాన్ని ఊరికే ఉండనివ్వవు, నిటారు చేసేస్తాయి. కాగితం మీద చేత్తో చదును చేసుకుని ఇదే ప్రకృతి అంటే నా మనసు ఒప్పేది కాదు.

జవాబు వేరే వీధిలో ఉంది. న్యూట్రాన్ లోపల ధన, రుణ విద్యుదావేశాలు కాస్త అటూ ఇటూ జరిగి ఉండటానికి సిద్ధాంతం అడ్డు చెప్పదు. ప్రయోగాల్లో మాత్రం ఆ జరుగుడు కనిపించదు. దీనికి 1977లో పెచ్చెయ్, హెలెన్ క్విన్ ఒక కొత్త సౌష్ఠవాన్ని ప్రతిపాదించారు. దాని వెంట ఒక తేలికైన కణం కూడా రాక తప్పదని మరుసటేడు వైన్‌బర్గ్, విల్చెక్ ఎవరికి వారే గుర్తించారు. విల్చెక్ దానికి ఒక బట్టల సబ్బు పొడి పేరు పెట్టాడు: యాక్సియాన్.

క్లాసులో దీన్ని పళ్లెంతో చూపించేవాణ్ణి. అంచు చుట్టూ గాడి ఉన్న పళ్లెంలో గోళీ వేస్తే, గాడి అంతా ఒకే ఎత్తు కాబట్టి అది ఎక్కడైనా నిలుస్తుంది. పళ్లెం ఒక పక్కకు రవ్వంత వాల్చితే గోళీ ఎత్తు చుట్టూ కొసైన్ రేఖలా మారుతుంది. యాక్సియాన్ శక్తి రేఖ ఆకారమూ అదే. చదునుకు కారణం సౌష్ఠవం. ఆ కొద్దిపాటి వాలుకు కారణం, సౌష్ఠవం కాస్త చెడటం. 1990లో కేథరిన్ ఫ్రీస్, జాషువా ఫ్రీమన్, ఏంజెలా ఒలింటో ఈ రకం క్షేత్రాన్నే ఉబ్బుకు వాడారు. ఇది పెచ్చెయ్, క్విన్‌ల యాక్సియాన్ కాదు, దానికి దూరపు చుట్టం. వాళ్ళు పెట్టిన పేరు ‘నేచురల్ ఇన్‌ఫ్లేషన్’. పేరుకు తగ్గ పని.

చిక్కు పళ్లెం సైజులో వచ్చింది. గోళీ నెమ్మదిగా దిగాలంటే గాడి వ్యాసార్ధం, గురుత్వంలోనూ క్వాంటం ప్రభావాలు మొదలయ్యే ప్లాంక్ ప్రమాణాన్ని దాటాలి. స్ట్రింగ్ సిద్ధాంతంలో అంత పెద్ద పళ్లెం దొరకడం లేదని 2003లో బ్యాంక్స్, డైన్ బృందం చెప్పింది. అక్కణ్ణుంచి తెలివితేటల పోటీ. రెండు యాక్సియాన్లను జతచేసి దారిని పొడిగించారు కిమ్, నిల్లెస్, పెలోసో. డిమోపౌలోస్, కాచ్రు బృందం గుంపుగా యాక్సియాన్లను దింపింది. 2008లో సిల్వర్‌స్టైన్, వెస్ట్‌ఫాల్, వాళ్ళతో మెకాలిస్టర్, గాడి చుట్టు తిరిగి వచ్చాక గోళీ మునుపటి ఎత్తులో ఉండని ఏర్పాటు చేశారు. వీటిలో నాకు అందంగా తోచింది ఈ చివరిదే.

2014 మార్చి 17న దక్షిణ ధ్రువం నుంచి బైసెప్2 టెలిస్కోపు వార్త వచ్చింది: ఆదిమ గురుత్వ తరంగాల జాడ, సాంద్రత హెచ్చుతగ్గులతో పోలిస్తే వాటి నిష్పత్తి 0.2. పెద్ద పళ్లెం అంటే పెద్ద నిష్పత్తి, అందుకే యాక్సియాన్ శిబిరంలో పండగ. ఏడాది తిరక్కుండానే, ఆ జాడలో చాలా భాగం మన పాలపుంతలోని ధూళిదని ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో తేలింది. 2021లో అదే ధ్రువం నుంచి వచ్చిన కొలత నిష్పత్తిని 0.036 లోపుకు దించేసింది. 1990 నాటి కొసైన్ ఆ గీత బయట పడింది. 2008 నాటి సరళమైన రూపాలకూ అదే గతి. ఫ్రీస్ బృందం లెక్క ఎంత పెద్ద పళ్లేనికి ఎంత నిష్పత్తి రావాలో ముందే చెప్పింది కాబట్టే ఓడిపోగలిగింది. ఎటు కావాలంటే అటు వంగే నమూనాలకు ఆ గౌరవం దక్కదు.

ఆన్బర్, సోర్బో 2010లో ఇంకో మెలిక అచ్చేశారు. యాక్సియాన్ విద్యుదయస్కాంతం లాంటి క్షేత్రాలతో ముడిపడితే తన శక్తిని వాటికి పంచుతూ దిగుతుంది. ఆ ఒరిపిడి వల్ల నిటారు వాలు మీద కూడా నెమ్మదిగానే వస్తుంది. పళ్లెం చిన్నదైనా ఇబ్బంది లేదు. పైగా అప్పుడు పుట్టే గురుత్వ తరంగాలు ఒకే వైపుకు మెలి తిరిగినవి ఎక్కువగా ఉంటాయి. ధూళికి అలాంటి పక్షపాతం ఉండాల్సిన పని లేదు. 2024 జనవరిలో యూరప్ అంతరిక్ష సంస్థ ఆమోదించిన గురుత్వ తరంగాలను పట్టే లీసా అనే మూడు ఉపగ్రహాల ప్రాజెక్టు 2030ల మధ్యలో ఎగరాలి. ఈ తరంగాలు దానికి చిక్కే అవకాశం ఉన్న నమూనాలు కొన్ని ఉన్నాయి.