తడ ఎండ – తూటా మందు

ఆయుధ లైసెన్సుల రిజిస్టర్లు రాసిన నాబోటి గుమాస్తాలకు రైఫిలు నంబరు తెలుసు గాని తూటాలోని మందు తూకం తెలియదు. అసలు కథంతా అక్కడే ఉంది.

సైన్యపు పాత తుపాకులకు సరిపోయే తూటాలు తిరుగుబాటుదారులకు చిక్కరాదని బ్రిటిషువారు 1907లో ఇండియాలో .450 తూటాలను నిషేధించారు. పెద్ద వేటకు .470 వంటివి వాడుకలోకి వచ్చాయి. వాటిలో మందు కార్డైటు. ఇంగ్లండు చలిలో ఒకలా, మన తడ ఎండలో మరొకలా పనిచేసేది. వేడికి ఒత్తిడి పెరిగి, కాల్చిన తూటా తొడుగు గొట్టంలోనే బిగుసుకునేది. గాయపడ్డ పులి ఎదురుగా ఉంటే ఇంకేముంది! అందుకని ఉష్ణదేశాలకు మందు తగ్గించిన తూటాలు చేశారు.

ఇక్కడే మెలిక. జంటగొట్టాల రైఫిలును ఒకే తూకం మందుకు సరిచేస్తారు. అది మారితే రెండు గుండ్లూ ఒకచోట పడవు. ఆ తూకాన్ని గొట్టాల అడుగున చెక్కేవారు. సొంతంగా తూటాలు నింపుకొనేవారు ముందు చదవవలసింది ఆ అంకెలనే.

1972 చట్టంతో వేటకు పగ్గాలు పడ్డాయి. 1976లో మన పులికాటు పక్షుల అభయారణ్యమైంది.