లెక్కపెట్టింది అడుగులా, నిమిషాలా?

ఆ మధ్య మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు రాసిన ఒక ఫంక్షన్‌ని వెనక్కి పంపేశాను. "పాతదానికన్నా ఎక్కువ సైకిల్స్ తింటోంది, చూస్కో" అని అందరి ముందూ అన్నాను కూడా. తప్పు నాదని తెలియడానికి రెండ్రోజులు పట్టింది. కానీ ఆ తప్పు వెనక పెద్ద చరిత్రే ఉంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో టైం కొలిచేది ఇంటెల్ 8253 అనే చిప్. సెకనుకి దాదాపు 11,93,182 సార్లు కొట్టుకునేది. ఇంత వంకర అంకె ఎందుకంటే, బోర్డు మీది క్రిస్టల్ 14.31818 మెగాహెర్ట్జ్‌ది. అమెరికా కలర్ టీవీ సిగ్నల్‌కి కావలసినదానికి సరిగ్గా నాలుగు రెట్లు. దాన్ని మూడుతో భాగిస్తే ప్రాసెసర్‌కి 4.77 మెగాహెర్ట్జ్, పన్నెండుతో భాగిస్తే టైమర్. ఒకే క్రిస్టల్‌తో మూడు పనులు, పొదుపంటే అదీ! అయితే డాస్ ప్రోగ్రాములకి మామూలుగా అందే టిక్ మాత్రం 55 మిల్లీసెకన్లకి ఒకటే. చిన్న ఫంక్షన్‌ని కొలవాలంటే లక్షసార్లు తిప్పి భాగించుకోవడమే గతి.

1993లో పెంటియం వచ్చింది, దాంతో ఆర్‌డీటీఎస్‌సీ అనే ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. మెషీన్ లేచినప్పటి నుంచి ఎన్ని క్లాకులు గడిచాయో 64 బిట్లలో చెప్పేస్తుంది. 66 మెగాహెర్ట్జ్ చిప్ మీద ఒక్కో క్లాకూ 15 నానోసెకన్లు. అప్పట్లో సైకిల్స్ అన్నా, టైం అన్నా ఒకటే. దేన్ని లెక్కపెట్టినా రెండోది తెలిసిపోయేది.

చిక్కులు తర్వాత మొదలయ్యాయి. 1995 నాటి పెంటియం ప్రో, రాసిన వరసలో కాకుండా ఏది సిద్ధంగా ఉంటే అది ముందు చేసేసేది. కొలిచే ఇన్‌స్ట్రక్షనే అటూఇటూ జరిగిపోయేది. దాన్ని కదలకుండా పట్టుకోవడానికి ముందు సీపీయూఐడీ పెట్టడం అలవాటైంది. 2000లో లాప్‌టాప్‌లకి స్పీడ్‌స్టెప్ వచ్చింది. కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ వేగం మారితే కౌంటర్ వేగమూ మారేది. 2005లో ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాక ఒక్కో కోర్‌కీ ఒక్కో కౌంటర్. ప్రోగ్రాం ఒక కోర్ నుంచి ఇంకోదానికి గెంతితే కాలం వెనక్కి నడిచినట్టు కనిపించేది! కొన్ని గేములు పిచ్చిపిచ్చిగా పరిగెత్తాయి. ఏఎండీ దానికోసం ఒక ప్యాచ్ ప్రోగ్రామే ఇవ్వాల్సొచ్చింది.

ఇంజనీర్లు చివరికి ఏం చేశారంటే, ప్రాసెసర్ ఎంత వేగంతో నడిచినా కౌంటర్ మాత్రం ఒకే వేగంతో నడిచేలా మార్చేశారు. ఇంటెల్‌లో 2008 నాటి నెహాలెం చిప్‌లకల్లా అది స్థిరపడింది. గడియారంగా బ్రహ్మాండం. కానీ ఇన్‌స్ట్రక్షన్ పేరు అదే, అర్థం మారిపోయింది. అది ఇక సైకిల్స్ లెక్కపెట్టదు, కాలాన్ని లెక్కపెడుతుంది. మనం మాత్రం పాత అలవాటుకొద్దీ రెండు రీడింగుల తేడాని ఇంకా "సైకిల్స్" అనే అంటున్నాం.

నేను చేసిందీ అదే. పాత కోడ్‌ని ఛార్జర్ పెట్టి కొలిచాను, ఆ కుర్రాడిది బ్యాటరీ మీద. కోర్ వేగం తగ్గింది, కౌంటర్ తగ్గలేదు. నెమ్మదిగా నడిచినవాణ్ణి పట్టుకుని "ఎక్కువ అడుగులేశావ్" అని తిట్టినట్టయింది. వేగాన్ని ఒకచోట కట్టేసి, లైనక్స్ పెర్ఫ్‌తో అసలు సైకిల్స్ మళ్ళీ చాలాసార్లు కొలిస్తే ఆ కుర్రాడి కోడే కాస్త నయం!

అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే సారీ చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. కానీ అంకెని చూపించి చెప్పిన మాటకి ఎవరూ ఎదురు చెప్పరు కదా, అదీ భయం. ఆ రెండ్రోజులూ అతనొక్కడే తన కోడ్‌లో లేని తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఇంకొకరి పనిని అంకెతో కొట్టేసేముందు ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందో ఒక్కసారి అడగడం మంచిది. ఏమంటారు?